లండన్‌లో ఒంటరి ఆడమనిషికి ఒక కప్పు టీ

లండన్ వెళ్తున్నాం, ఎక్కడ తినాలి, ఏం చూడాలి అని ఈ మధ్య మీలో కొందరు అడిగారు. పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు కాబట్టి మనలాంటి వాళ్ళం ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళి రెండు మూడు నెలలు ఉండి వస్తున్నాం. పగలంతా పిల్లలు ఆఫీసుల్లో ఉంటారు. మనమే ఒక కార్డు పట్టుకుని బస్సెక్కి బయల్దేరాలి. మ్యూజియం చూసి, కాళ్ళు నొప్పులు పుట్టి, ఎక్కడైనా కూర్చుని ఒక టీ తాగితే బావుణ్ణు అనిపించే సమయం వస్తుంది చూడండి, ఈ వ్యాసం ఆ సమయం గురించే.

మనం చాలా మామూలుగా లోపలికి వెళ్ళి కూర్చుంటాం. నూటయాభై ఏళ్ళ కింద ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన ఆడవాళ్ళకి అది మామూలు విషయం కాదు. లండన్‌లో తినే చోట్ల చరిత్ర చదువుతుంటే నాకు వంటకాల కన్నా ఇదే ఆసక్తిగా అనిపించింది.

మొదట్నుంచీ చెప్తాను. లండన్‌లో మొదటి కాఫీ హౌస్ 1652లో పెట్టారు. పాస్కా రోజే అనే అతను కార్న్‌హిల్ దగ్గర సెయింట్ మైకేల్స్ ఆలీ అనే సందులో పెట్టాడు. అక్కణ్ణుంచి ఊరంతా కాఫీ హౌసులే. వ్యాపారం, రాజకీయం, వార్తలు, కబుర్లు అన్నీ అక్కడే నడిచేవి. ఆడవాళ్ళు లేరా అంటే ఉన్నారు. గల్లా పెట్టె దగ్గర కూర్చున్నారు, కాఫీ కాచారు, కొన్నిచోట్ల యజమానులు కూడా వాళ్ళే. బల్ల ముందు కూర్చుని తాగడానికి మాత్రం రాలేదు. వండి పెట్టడానికి అడ్డం లేదు, కూర్చోవడానికే అడ్డం. ఈ ఏర్పాటు మనకి కొత్తగా ఏమీ అనిపించదులెండి.

థామస్ ట్వైనింగ్ అనే అతను 1706లో స్ట్రాండ్ వీధి పక్కన ఒక కాఫీ హౌస్ కొని టీ అమ్మడం మొదలుపెట్టాడు. 1717లో దాని పక్కనే టీ ఆకు విడిగా అమ్మే కొట్టు తెరిచాడు. కొట్టు కాబట్టి ఆడవాళ్ళు లోపలికి రావచ్చు, ఆకు కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్ళి కాచుకోవచ్చు. 216, స్ట్రాండ్ అనే చిరునామాలో ఆ కొట్టు ఇప్పటికీ ఉంది. సన్నగా పొడుగ్గా రైలు పెట్టెలా ఉంటుంది. ఊరికే చూసి రావడానికైనా బావుంటుంది.

ఇక కూర సంగతి. 1747లో ఒక వంటల పుస్తకం వచ్చింది. వంట చెయ్యడం తేలికగా, సాదాగా నేర్పే పుస్తకం అని దాని పేరుకి అర్థం. రచయిత్రి పేరు లేదు, 'ఒక లేడీ' అని మాత్రం వేశారు. అందులో ఇండియా పద్ధతిలో కూర చెయ్యడం ఎలాగో ఉంది. ధనియాలు శుభ్రమైన పార మీద వేసి నిప్పు మీద వేయించమంటుంది ఆవిడ. ముప్ఫై మిరియాలు, సన్నగా తరిగిన ఉల్లిపాయలు, కోడి కానీ కుందేలు కానీ. పసుపు, అల్లం తరువాతి ముద్రణల్లో వచ్చి చేరాయి. ధనియాలు వేయించి కొట్టాలని లండన్‌లో కూర్చున్న ఆవిడకి తెలిసిందంటే ఎవరో చేస్తుంటే దగ్గరుండి చూసినవాళ్ళు చెప్పి ఉంటారని నా అనుమానం. ఆవిడ పేరు హానా గ్లాస్. పుస్తకం వందేళ్ళ పాటు అమ్ముడుపోతూనే ఉంది. ఆవిడ మాత్రం 1754లో దివాలా తీసి, పుస్తకం మీద హక్కు అమ్ముకుని, 1757లో అప్పులు తీర్చలేక జైలుకి కూడా వెళ్ళింది. ఇంత మంచి పుస్తకం ఆడమనిషి రాసి ఉండదు, ఎవరో మగ డాక్టరు రాసి ఉంటాడని చాలాకాలం చెప్పుకున్నారు. 1938లో మ్యాడలీన్ హోప్ డాడ్స్ అనే చరిత్రకారిణి ఆధారాలు చూపించి ఆ పుస్తకం హానాదేనని తేల్చింది. అంటే తన పేరు తనకి దక్కడానికి దాదాపు రెండు వందల ఏళ్ళు పట్టింది!

1773లో హేమార్కెట్ దగ్గర నారిస్ స్ట్రీట్ కాఫీ హౌస్ యజమానురాలు పేపర్లో ఒక ప్రకటన వేయించింది. అసలైన ఇండియా కూర ముద్ద తన దగ్గర దొరుకుతుందనీ, కూరా అన్నం, పులావూ వండి ఊళ్ళో ఏ మూలకైనా పంపిస్తాననీ దాని సారాంశం. ఇప్పుడు మన పిల్లలు ఫోన్‌లో ఆర్డరు పెట్టేది ఇదే కదా! నన్నడిగితే లండన్‌లో కూర కథకి మొదటి మనుషులు ఈ ఇద్దరు ఆడవాళ్ళు. పుస్తకాలు మాత్రం ఎక్కువగా షేక్ దీన్ మహమ్మద్ పేరు చెప్తాయి. ఆయనా తక్కువవాడు కాదు. పాట్నా నుంచి వెళ్ళి, 1810లో పోర్ట్‌మన్ స్క్వేర్ దగ్గర జార్జ్ స్ట్రీట్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ అని పెట్టాడు. మనవాళ్ళు పెట్టిన మొదటి హోటల్ అది. హుక్కాలూ, వెదురు కుర్చీలూ, రకరకాల కూరలూ. 1812లో దివాలా తీశాడు. ఇప్పుడు అక్కడ ఒక ఆకుపచ్చ ఫలకం ఉంది, అంతే.

ఇక పంతొమ్మిదో శతాబ్దం మధ్యకి వద్దాం. రైళ్ళు వచ్చాయి. శివారు ఇళ్ళల్లో ఉండే ఆడవాళ్ళు పొద్దున రైలెక్కి బట్టలు కొనడానికో, మధ్యాహ్నం నాటకం చూడటానికో ఊళ్ళోకి రావడం మొదలైంది. వచ్చాక ఆకలేస్తే? చాప్‌హౌస్‌లు మగవాళ్ళవి. పబ్బులోకి పరువుగల ఆడది వెళ్ళదు. మంచి హోటళ్ళలో పక్కన మగమనిషి లేకపోతే ఎవరో ఏదో అనుకుంటారు. బయటికి వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ కడుపుతో తిరిగి ఇంటికి వెళ్ళి తినేవాళ్ళు.

ఆకలి కన్నా పెద్ద ఇబ్బంది ఇంకోటి ఉంది. మీకు చెప్పక్కర్లేదు, బస్సు ప్రయాణం అంటే ముందు రోజు నుంచీ నీళ్ళు తాగడం తగ్గించే వాళ్ళం మనం. మగవాళ్ళకి వీధుల్లో మరుగుదొడ్లు ఉండేవి, ఆడవాళ్ళకి దాదాపు లేవు. 1884లో ఆక్స్‌ఫర్డ్ సర్కస్ దగ్గర లేడీస్ లావెటరీ కంపెనీ అని ఒక కంపెనీయే పుట్టింది, డబ్బులిచ్చి వాడుకునేందుకు. తరువాత క్యామ్‌డెన్ టౌన్‌లో నడిరోడ్డు మీద ఆడవాళ్ళకి ఒకటి కట్టాలని ప్రతిపాదన వస్తే స్థానికులు ఏళ్ళ తరబడి అడ్డుకున్నారు. ఎంత చోటు పడుతుందో చూద్దామని చెక్కతో నమూనా పెడితే బండ్లవాళ్ళు కావాలని వచ్చి గుద్దేవారట. ఆ వార్డు సభ్యుల్లో నాటక రచయిత బెర్నార్డ్ షా ఒకడు. ఆడవాళ్ళ తరఫున ఆ గొడవంతా పడి, 1909లో దాని మీద వ్యాసం కూడా రాశాడు. గొప్ప రచయితల గురించి మనకి స్కూల్లో ఇలాంటివి చెప్పరెందుకో.

బేజ్‌వాటర్‌లో వైట్లీ అనే పెద్ద దుకాణం ఉండేది. 1872లో ఆ యజమాని ఆడవాళ్ళు కూర్చుని తినడానికి ఒక గది పెట్టి, భోజనంతో పాటు వైన్ ఇవ్వడానికి లైసెన్సు అడిగాడు. ఇవ్వలేదు. చెడ్డ ఆడవాళ్ళు మంచి బట్టలు వేసుకుని వచ్చి అక్కడ మగవాళ్ళని కలుసుకుంటారని మేజిస్ట్రేట్ల భయం. తినడానికి ఒక బల్లా కుర్చీ అడిగితే ముందు శీలం గురించి ఆలోచించారు.

దారి తెరిచింది టీ కొట్లు. ఏరేటెడ్ బ్రెడ్ కంపెనీ అని రొట్టెల కంపెనీ ఒకటి ఉండేది, అందరూ ఏబీసీ అనేవారు. ఈస్టు వెయ్యకుండా గ్యాసుతో రొట్టె పొంగించే పద్ధతి వాళ్ళది. 1864లో ఆ కంపెనీ ఒక శాఖలో టీ ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ శాఖ చూసే మేనేజరమ్మ తెలిసిన ఖాతాదార్లకి ఊరికే టీ ఇస్తూ ఉండేదనీ, డబ్బులు తీసుకుని అందరికీ ఇద్దామని యజమానులకి సలహా చెప్పింది ఆవిడేననీ చెప్తారు. ఆవిడ పేరు ఎక్కడా కనపడదు. మందు ఉండదు, రేటు బయటే రాసి ఉంటుంది, వడ్డించేది ఆడపిల్లలు. ఆడవాళ్ళు ఒక్కరే వచ్చి కూర్చున్నా ఎవరూ వింతగా చూడని మొదటి చోటు అదే అయింది.

1894లో లయన్స్ కంపెనీ పికడిల్లీలో 213వ నంబరులో తమ మొదటి టీ షాపు తెరిచింది. తెలుపూ బంగారు రంగూ బోర్డు, పాట్ టీ రెండు పెన్నీలు. వేరేచోట్ల మూడు. ఆఫీసుల్లో టైపిస్టులుగా చేరుతున్న అమ్మాయిలకి అది సరిపోయే రేటు. 1909లో కవెంట్రీ స్ట్రీట్‌లో కార్నర్ హౌస్ అని అంతస్తుల భవనం కట్టారు, తరువాత స్ట్రాండ్‌లోనూ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోనూ. ఒక్కో అంతస్తులో ఒక్కో రకం హోటలు, ఒక్కోదానికి ఒక వాద్యబృందం. నాలుగు పైసలు ఉన్న గుమాస్తా అమ్మాయి కూడా పాలరాతి గోడల మధ్య కూర్చుని వయొలిన్ వింటూ గుడ్డూ టోస్టూ తినొచ్చు. వడ్డించే అమ్మాయిలకి 1920లలో 'నిప్పీ' అని పేరు పెట్టారు, చురుగ్గా కదిలేది అని. నల్ల గౌను మీద రెండు వరసల ముత్యాల బొత్తాలు, ఎర్ర దారంతో కుట్టినవి. పొద్దున్నే గోళ్ళూ జుట్టూ తనిఖీ. పెళ్ళయితే ఉద్యోగం వదిలెయ్యాలి. మిగతా ఆడవాళ్ళు హాయిగా కూర్చోడానికి వీళ్ళు రోజంతా నిలబడాల్సి వచ్చింది, ఆ సంగతి కూడా అనుకోవాలి.

అన్నట్టు, ఈ టీ కంపెనీయే 1951లో వ్యాపారానికి కంప్యూటర్ వాడిన మొట్టమొదటి కంపెనీ. బేకరీ లెక్కలు చెయ్యడానికి వాళ్ళే సొంతంగా తయారు చేసుకున్నారు, పేరు లియో. 1952లో దానికి ప్రోగ్రాములు రాయడానికి చేరిన మేరీ కూంబ్స్‌ని వ్యాపార ప్రోగ్రాములు రాసిన మొదటి మహిళగా చెప్తారు. మీ అమ్మాయిలు సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఈ ముక్క చెప్పండి.

మళ్ళీ కాస్త వెనక్కి. టీ గదుల్లో కూర్చున్న ఆడవాళ్ళు టీ ఒక్కటే తాగలేదు. మీటింగుకి హాలు అద్దెకి తీసుకోవాలంటే డబ్బు కావాలి, అనుమతి కావాలి. టీ గదికి అవేవీ అక్కర్లేదు. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఆలన్స్ టీ రూమ్స్ అని ఒక ఆవిడ నడిపేది, ఓటు హక్కు సంఘాలకి పెద్ద గది ఊరికే ఇచ్చేది. చారింగ్ క్రాస్ దగ్గర యూస్టస్ మైల్స్ అనే శాకాహార హోటల్లో, జైలు నుంచి విడుదలైన సఫ్రజెట్‌లకి స్వాగతం చెప్తూ ఉదయం ఫలహారం పెట్టారు. శాకాహారం అంటే గుర్తొచ్చింది, 1888లో లండన్ వెళ్ళిన గాంధీగారు ఆకలితో వీధులు తిరిగి తిరిగి ఫారింగ్‌డన్ స్ట్రీట్‌లో ఒక శాకాహార హోటలు కనిపెట్టి, ఇంగ్లండు వెళ్ళాక మొదటిసారి కడుపునిండా తిన్నానని రాసుకున్నారు. ఆ ఊళ్ళో శాకాహారమూ, ఓటు హక్కూ, స్వాతంత్ర్యమూ ఒకే బల్లల చుట్టూ తిరిగాయి.

1911 ఏప్రిల్ 2 రాత్రి జనాభా లెక్కలు. ఓటు లేనివాళ్ళని లెక్కపెట్టడం ఎందుకు, ఇంట్లో లేకపోతే లెక్కలోకి రాం కదా అని ఆడవాళ్ళు వందల సంఖ్యలో రాత్రంతా బయటే ఉండిపోయారు. ట్రఫాల్గర్ స్క్వేర్ చుట్టూ నడిచారు. ఆల్డ్‌విచ్‌లో స్కేటింగ్ రింకు ఉంటే దాంట్లో తెల్లవార్లూ చక్రాల చెప్పులతో తిరిగారు. ఆకలేసినవాళ్ళకి పక్కనే క్యాథరిన్ స్ట్రీట్‌లో గార్డీనియా అనే హోటలు ఆ రాత్రంతా తెరిచి ఉంచారు. ఎమిలీ డేవిసన్ అయితే పార్లమెంటు భవనంలోనే ఒక చీపుర్ల అల్మారాలో దాక్కుంది, చిరునామా పార్లమెంటు అని రాయించుకోవడానికి. పంజాబు రాజు దులీప్ సింగ్ కూతురు సోఫియా కూడా ఆ ఏడు లెక్కలని బహిష్కరించింది. ఏప్రిల్ చలిలో ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన ఆడవాళ్ళకి అర్ధరాత్రి దాటాక వేడివేడిగా తినడానికి ఏదో ఒకటి దొరికింది కదా అని నాకు తృప్తిగా ఉంటుంది.

ఇప్పుడు మీరు తప్పకుండా వెళ్ళాల్సిన చోటు చెప్తాను. సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, అందరూ వీ అండ్ ఏ అంటారు. ప్రవేశం ఉచితం. మ్యూజియంలో భోజనశాల అనేది ప్రపంచంలో మొదట పెట్టింది వీళ్ళేనంటారు. మొదటి డైరెక్టరు హెన్రీ కోల్ ఉద్దేశం ఏమిటంటే, కూలిపని చేసుకునేవాళ్ళు కూడా పని దిగాక వచ్చి మంచి వస్తువులు చూడాలి. అందుకని ఆ రోజుల్లోనే గ్యాసు దీపాలు పెట్టి సాయంత్రాలు తెరిచి ఉంచాడు. ఇప్పుడూ శుక్రవారం రాత్రి పది దాకా ఉంటుంది. 1860లలో కట్టిన మూడు గదులు పక్కపక్కన ఉన్నాయి. కౌంటర్లో టీ, స్కోన్ తీసుకుని ఏ గదిలోనైనా కూర్చోవచ్చు. మధ్య గది గోడలూ స్తంభాలూ అన్నీ మెరిసే పింగాణీ పలకలు. చూడ్డానికి రాజదర్బారులా ఉంటుంది కానీ అసలు కారణం మన వంటింటి టైల్స్ లాంటిదే. కూరలూ నూనెలూ చిందుతాయి, తుడుచుకోవడం తేలిక, నిప్పుకి అంటుకోదు. పక్కన ఆకుపచ్చ గది విలియం మారిస్ కంపెనీ చేసింది. ఆకులూ పళ్ళ కొమ్మలూ గోడ చుట్టూ.

నాకు నచ్చింది మూడో గది. నీలం తెలుపు పలకలు గోడ నిండా, నెలలూ ఋతువులూ ఆడరూపంలో. అప్పట్లో ఇక్కడ పెద్ద ఇనప పొయ్యి మీద తినేవాళ్ళ ఎదురుగానే మాంసం కాల్చి పెట్టేవాళ్ళు. పొయ్యి ఇంకా ఉంది. డిజైన్ ఎడ్వర్డ్ పాయింటర్‌ది, గదికి ఆయన పేరే. కానీ ఆ పలకల మీద రంగులు వేసింది మ్యూజియం చిత్రకళా పాఠశాలలో చదువుకునే అమ్మాయిలు. ఒక ప్రభుత్వ భవనంలో ఆడపిల్లలకి అలాంటి పని అప్పగించడం ఆ కాలంలో పెద్ద విషయం. టీ చల్లారినా ఫరవాలేదు, ఒక పలకకి దగ్గరగా వెళ్ళి గీతలు చూడండి. ఒకరి చెయ్యి గట్టిది, ఒకరి చెయ్యి సున్నితం, మన ముగ్గుల్లాగే తేడా తెలుస్తుంది.

రెండో చోటు నేషనల్ గ్యాలరీ. 1939లో యుద్ధం రాగానే బొమ్మలన్నీ వేల్స్‌కి తరలించేశారు, తరువాత మనోడ్ అనే చోట కొండలోపల పలకరాతి గనిలో దాచారు. లండన్‌లో ఖాళీ గోడలు మిగిలాయి. నాటకశాలలూ కచేరీలూ మూతపడ్డాయి, రాత్రి దీపం వెలగకూడదు. అప్పుడు మైరా హెస్ అనే పియానో విద్వాంసురాలు డైరెక్టరు కెన్నెత్ క్లార్క్ దగ్గరికి వెళ్ళి, ఇక్కడ అప్పుడప్పుడు మధ్యాహ్నం కచేరీ పెట్టుకోనిస్తారా అని అడిగింది. అప్పుడప్పుడు ఎందుకు, రోజూ పెట్టండి అన్నాడాయన. అక్టోబరు 10న మొదటి కచేరీ, ఆవిడే వాయించింది. టికెట్ ఒక షిల్లింగు. వస్తే కొద్దిమంది వస్తారనుకుంటే వరస బయట దాకా వెళ్ళింది. 1946 ఏప్రిల్ 10 దాకా, బాంబులు పడుతున్నా నేలమాళిగలోకి దిగి మరీ, 1,698 కచేరీలు. ఏడున్నర లక్షల మందికి పైగా విన్నారు. యుద్ధం జర్మనీతో, వాయించింది చాలావరకు బాక్, బీథోవెన్, ఇద్దరూ జర్మన్లే. ఎవరూ వద్దనలేదు.

దానితో పాటే క్యాంటీన్. లేడీ గేటర్ అనే ఆవిడ ఆధ్వర్యంలో ఆడవాళ్ళు స్వచ్ఛందంగా నడిపారు. చక్కెర, వెన్న, మాంసం అన్నీ రేషన్. ఉన్నవాటితోనే రోజూ వందల శాండ్‌విచ్‌లు చేసేవాళ్ళు. తేనె, ఎండుద్రాక్ష పెట్టి చేసినవి ఊరంతా పేరు పొందాయి. పాట విన్నవాళ్ళు చాలామంది ఆ శాండ్‌విచ్‌ని కూడా తలుచుకున్నారు. రేషన్ కార్డు మీద సంసారం ఈదినవాళ్ళకి ఆ ఎండుద్రాక్షల విలువ తెలుస్తుంది. కొన్నాళ్ళకి జనం బొమ్మలు చూడాలని అడిగితే 1942 నుంచి నెలకి ఒకే ఒక్క బొమ్మ గని నుంచి తెచ్చి పెట్టారు. ఇప్పుడు అక్కడ బొమ్మలన్నీ ఉచితంగా చూడొచ్చు. ఎదురుగా సెయింట్ మార్టిన్ చర్చి కింద, పాత సమాధుల గదిలో ఒక కెఫే ఉంది. నేల మీద సమాధి రాళ్ళుంటాయి, మొదట కాస్త జంకు పుడుతుంది. సూప్ మాత్రం వేడిగా బావుంటుంది.

మన భోజనం మీదికి మనసు పోతే, రీజెంట్ స్ట్రీట్‌లో వీరాస్వామి ఉంది, 1926 నుంచి. ఖరీదెక్కువ. దాన్ని పెట్టిన ఎడ్వర్డ్ పామర్‌ది హైదరాబాదుతో ముడిపడిన వంశం. జనరల్ పామర్‌కీ, ఫైజ్ బక్ష్ బేగంకీ పుట్టిన విలియం పామర్ హైదరాబాదులో బ్యాంకు పెట్టి నిజాముకే అప్పులిచ్చాడు. ఆ కుటుంబం వాడే ఈ ఎడ్వర్డ్. స్ట్రాండ్‌లో ఇండియా క్లబ్ అని 1951లో పుట్టిన పాత చోటు ఉండేది, దోసె దొరికేది, 2023 సెప్టెంబరులో మూసేశారు. యూస్టన్ స్టేషను వెనక డ్రమండ్ స్ట్రీట్‌లో మాత్రం శాకాహార హోటళ్ళు ఇంకా ఉన్నాయి, రేటూ అందుబాటులో ఉంటుంది.

చివరగా ఫ్లీట్ స్ట్రీట్ సంగతి. ఒకప్పుడు పత్రికల ఆఫీసులన్నీ ఆ వీధిలోనే. అక్కడ ఎల్ వీనో అనే వైన్ బారు. విలేఖరులూ లాయర్లూ బారు దగ్గర నిలబడి కబుర్లు చెప్పుకునేవాళ్ళు. ఆడవాళ్ళు అక్కడ నిలబడి ఆర్డరు ఇవ్వకూడదు, వెనక గదిలో కూర్చుంటే తెచ్చిస్తాం అనేవారు. మన ఊళ్ళ హోటళ్ళలో పరదా వేసిన ఫ్యామిలీ రూములు గుర్తొస్తున్నాయి కదా. ఇది ఏ విక్టోరియా కాలమో కాదు, 1975లో ఆడా మగా తేడా చూపకూడదని చట్టం వచ్చిన తరువాత కూడా! టెస్ గిల్ అనే లాయరు, అనా కూట్ అనే జర్నలిస్టు కోర్టుకెళ్ళారు. కూర్చోబెట్టి మర్యాదగా తెచ్చిస్తుంటే నష్టం ఏమిటని కింది కోర్టు కొట్టేసింది. 1982 నవంబరులో పై కోర్టు వాళ్ళ వైపు తీర్పు చెప్పింది. వార్తలు పుట్టేదే ఆ బారు దగ్గర నిలబడ్డ గుంపులో, వెనక గదిలో కూర్చున్న విలేఖరికి అవి చెవిన పడవు కదా అని ఒక జడ్జి గుర్తించాడు. గెలిచారు. నాలుగేళ్ళకి, 1986లో, పెద్ద పత్రికలు ఫ్లీట్ స్ట్రీట్ వదిలి వాపింగ్‌కి వెళ్ళడం మొదలుపెట్టాయి, కబుర్లూ వాటితోనే వెళ్ళిపోయాయి.